ఓటేసిన పాపానికి శిక్షా?

ప్రశ్న: మేడమ్, మా హాస్టల్లో రోజూ ఇదే గొడవ. యుద్ధంలో ఒక ప్రభుత్వం ఘోరాలు చేస్తే, దాన్ని గెలిపించిన జనాన్ని కూడా శిక్షించాల్సిందే అంటాడు మా రూమ్మేట్. నాకు తప్పనిపిస్తోంది గానీ గట్టి జవాబు దొరకడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, కందుకూరు

జవాబు: బాబూ, నేను పుట్టి పెరిగింది కావలిలో. చిన్నప్పుడు మా వీధికి చేటలు, గంపలు అమ్మడానికి ఒక ఎరుకల అవ్వ వచ్చేది. మా నాన్న వసారాలోంచి ఎవరినైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే చాలు, చేతిలో గంప కింద పెట్టేసి లేచి నిలబడేది. కావలి సెటిల్‌మెంట్‌లో, అంటే నేరస్థులని ముద్ర వేసిన తెగలను బ్రిటిష్ కాలంలో కాపలా కింద ఉంచిన చోట, పెరిగిన మనిషి. అక్కడ పేరు పిలిస్తే హాజరు పలకాలి. ఆమె దొంగతనమేమీ చేయలేదు. 1871లో తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసిన నేరస్థ తెగల చట్టం లెక్కలో ఆ ఇంట పుట్టడమే ఆమె తప్పు. చట్టం 1952లో రద్దయినా ఆ అలవాటు ఆమెను వదల్లేదు. అందుకే మందిని మొత్తంగా శిక్షించాలన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత హిట్లర్ అనుచరులైన నాజీ నాయకుల మీద జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణ సంగతి చూడు. నాజీలు అంత మారణహోమం చేశాక కూడా అక్కడ జర్మన్లందరినీ బోనెక్కించలేదు. 1946లో 22 మంది పెద్దల మీద ఎవరి తీర్పు వాళ్లకు చెప్పారు. 12 మందికి ఉరి, ముగ్గురు నిర్దోషులు. అంతటివాళ్లకే సాక్ష్యం చూసి శిక్ష వేసినప్పుడు, బెర్లిన్‌లో రొట్టెలు అమ్ముకునేవాడికి సాక్ష్యం లేకుండా ఎలా వేస్తాం? శత్రువు చేతిలో ఉన్న పౌరుణ్ని అతను చేయని నేరానికి శిక్షించకూడదని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం, 33వ అధికరణం స్పష్టంగా చెప్పింది.

అలాగని జనానికి ఏ భారమూ ఉండకూడదని నేననను. కువైట్‌ను ఆక్రమించినందుకు ఇరాక్ తన చమురు ఆదాయంలోంచి 2022 దాకా 52.4 బిలియన్ డాలర్ల పరిహారం కట్టింది. 1990లో మా వీధి అబ్బాయి ఒకడు కువైట్ నుంచి ఒక్క సూట్‌కేసుతో తిరిగొచ్చాడు. ఆ పరిహారంలో కొంత అతనికీ అందింది. అది న్యాయమే, నష్టపోయినవాడికి కట్టివ్వాలి కదా.

కానీ అదే ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఇరాక్ మీద పెట్టిన వాణిజ్య ఆంక్షలు వేరు. చమురు అమ్ముకోనివ్వక జనం తిండికీ మందులకూ అల్లాడారు, ఆ దేశాన్ని ఏలిన సద్దాం హుస్సేన్ మాత్రం గద్దె మీదే ఉన్నాడు. చమురు అమ్మి తిండి కొనుక్కునే ఏర్పాటు 1996 డిసెంబరుకు గానీ మొదలవలేదు. ఆ ఆరేళ్లలో పాలకు ఏడ్చిన పిల్లలు ఎవరికి ఓటేశారో మీ రూమ్మేట్‌నే అడుగు.