అంబాసిడర్ కిందకి దూరే ముందు ఇది చదువు అమ్మలూ

అమ్మలూ,

మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. నువ్వు కొన్న ఆ మార్క్ 4 అంబాసిడర్‌ని ఇంట్లోనే జాకీ పెట్టి లేపి, వెనక బ్రేకులు నువ్వే చేసుకుంటానంటున్నావట. వాడికి కంగారు, నాకేమో ముందు నవ్వొచ్చింది. మన ఇంట్లో మగపిల్లల్లో ఒక్కడు కూడా స్పానర్ ముట్టుకోలేదు, నువ్వు ముట్టుకున్నావు, అది నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ రాత్రి పడుకున్నాక నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

వీడియోలు చూశానంటావు. చూడు, వద్దనను. వాటిల్లో నేల లెవెల్‌గా గట్టి గచ్చు ఉంటుంది, మీ పోర్టికోలో ఉన్నవి పార్కింగ్ టైల్స్. సుత్తి పిడితో తట్టి చూడు, డొల్లగా మోగిన చోట స్టాండ్ (లేపాక బండిని మోసే ఇనప కాలు) పెట్టకు, మిగతా చోట్ల కూడా కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేసి పెట్టు. ఇంకోటి, వాన నీళ్ళు పోవాలని తాపీ మేస్త్రీలు గేటు వైపు కాస్త వాలు పెడతారు, అది కంటికి ఆనదు. ఒక గోళీ వదిలి చూడు, ఎటు పోతుందో బండి కూడా అటే పోతుంది.

చక్రం నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే సగం లూజు చేసుకో. లేపేటప్పుడు బండిలో ఎవరూ కూర్చోకూడదు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది చెప్తా విను. నేను ఆటోనగర్‌లో పనిలో చేరిన కొత్తల్లో మా గురువుగారి షెడ్డుకి ఒక సాయంత్రం టాక్సీ అంబాసిడర్ వచ్చింది. మర్నాడు తెల్లారేసరికి పెళ్ళి ట్రిప్పు, డ్రైవర్ ఒకటే తొందర, వెనక ఎడమ చక్రం దగ్గర బ్రేకు పట్టేస్తోందని. గురువుగారు అలాంటివి కళ్ళు మూసుకుని చేసే మనిషి. షెడ్డు లోపలికి మూతి పెట్టి బండి ఆపించి, హ్యాండ్ బ్రేకు లాగించి, ఫస్టు గేరులో వేయించి, వెనక ఎడమ పక్కన ఇరుసు కింద జాకీ పెట్టి లేపారు. చక్రం ఊడదీశారు. మామూలుగా అయితే ఊడదీసిన చక్రాన్ని బండి కిందకి తోసేవారు, ఆ రోజు తొందరలో గోడకి ఆనించారు. చక్రం వెనక ఉండే బ్రేకు డ్రమ్ము లాగితే రాలేదు. హ్యాండ్ బ్రేకు పట్టి ఉంటే వెనక డ్రమ్ము రాదు కదా, లోపల షూలు దాన్ని బిగించి పట్టుకుంటాయి. "హ్యాండ్ బ్రేకు వదలవయ్యా, గేరులోనే ఉందిగా" అన్నారు డ్రైవర్‌తో. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి వదిలేశాడు.

అప్పుడు నేను టార్చి పట్టుకుని పక్కనే ఉన్నా. డ్రమ్ము మీద చక్రం నట్లు ఎక్కించే స్టడ్లు వాటంతటవే మెల్లగా ముందుకి తిరగడం మొదలెట్టాయి. ఎవరూ ముట్టుకోలేదు. బండేమో వెనక్కి, రోడ్డు వైపు కదులుతోంది. గేరులో ఉన్న బండి ఎలా కదులుతుంది అని నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నా, జాకీ ఒరిగిపోయింది, డ్రమ్ము వచ్చి గచ్చుకి కొట్టుకుంది, మధ్యలో గురువుగారి కుడి మణికట్టు.

ఎందుకు కదిలిందో నాకు చాన్నాళ్ళకి గానీ అర్థం కాలేదు. గేరు పట్టుకునేది ఇంజిన్ వైపు నుంచి వెనక ఇరుసుకి వచ్చే షాఫ్టుని, చక్రాన్ని కాదు. ఒక వెనక చక్రం గాల్లో ఉంటే, రెండు వెనక చక్రాల మధ్య ఇరుసులో ఉండే పళ్ళ చక్రాల పెట్టె, అదే డిఫరెన్షియల్, దాని లోపల పళ్ళు దొర్లి, గాల్లో ఉన్నది ఒకవైపు తిరుగుతుంది, నేల మీదున్నది రెండోవైపు హాయిగా దొర్లుతుంది, షాఫ్టు కదలక్కర్లేదు. పోనీ రెండూ లేపితే? హ్యాండ్ బ్రేకు కూడా వెనక చక్రాలకే కాబట్టి నేల మీదున్న ముందు చక్రాలకి ఏ బ్రేకూ లేనట్టే. అంటే నువ్వు చేద్దామనుకుంటున్న పని సరిగ్గా అదే. అందుకే ముందు చక్రాలు రెండింటికీ, ముందూ వెనకా, గట్టి చెక్క దిమ్మలు దూర్చి, సుత్తితో తట్టి బిగించు, అది అయ్యేదాకా జాకీ బయటికే తీయకు.

ఆయన చెయ్యి అతుక్కుంది గానీ బలం రాలేదు. ఆ తర్వాత నట్టు చివరి బిగింపు కోసం స్పానర్ నాకిచ్చి పక్కకి చూసేవారు. నేను పనంతా నేర్చుకున్నది అలాగేనేమో.

సరే, జాకీ ఎక్కడ పెట్టాలి. వెనక ఇరుసు హౌసింగ్ కింద పెట్టు. స్టాండ్లు ఇరుసు గొట్టం కింద, కమాను కట్టలకి దగ్గరగా, రెండు పక్కలా, బ్రేకు పైపు నలక్కుండా చూసుకో. డోరు కింద అంచుకి మాత్రం పెట్టకు. నీ బండికి రంగు మెరుస్తోంది, పాత బండి రంగు మెరుస్తుంటే నాకు అనుమానమే, ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం ఒకటి తీసుకుని అక్కడ పెట్టి చూడు, అంటుకోకపోతే కింద ఉన్నది రేకు కాదు పుట్టీ. టన్నుకి పైన బరువున్న బండిని పుట్టీ మీద లేపుతావా?

డిక్కీలో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చుకోడానికి, అంతే. కొత్త ట్రాలీ జాకీ అయినా లేపేదే గానీ మోసేది కాదు, లోపల వాషర్ పోతే ఆయిల్ వెనక్కొచ్చి చప్పుడు లేకుండా దిగిపోతుంది. లేపగానే స్టాండ్ల మీదకి దించు. ఇటుకలూ సిమెంటు దిమ్మలూ పెట్టావని తెలిస్తే నేను బస్సెక్కి వచ్చి మరీ తిడతా, అవి పగిలే ముందు చెప్పవు. స్టాండ్ల మీద కూర్చున్నాక ఫెండర్ మీద చెయ్యేసి గట్టిగా ఊపు, ఊగితే ఇప్పుడే ఊగాలి. ఊడదీసిన చక్రాలు బండి కిందకి తొయ్యి. డ్రమ్ములో దుమ్ము నోటితో ఊదకు తల్లీ, మేమంతా ఊదేవాళ్ళం, పాత షూల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడిచెయ్యి.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెయ్యకు. మీ అమ్మ వంటింట్లో ఉంటే చాలదు, పిలిస్తే పలికేంత దగ్గర మీ నాన్నని కుర్చీ వేసి కూర్చోబెట్టు, పేపర్ చదువుకుంటాడు.

నా స్టాండ్లు రెండూ, ముందు చక్రాలకి నాలుగు చెక్క దిమ్మలూ కార్గోలో వేస్తున్నా, రేపు బస్టాండ్‌లో తీసుకో. లేపాక, కిందకి దూరే ముందు, నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. నేను నిద్రలో ఉంటే ఫోన్ చేసి లేపు, నేను సరే అనేదాకా బయటే కూర్చుని టీ తాగు.

మీ పెదనాన్న