కోట పక్కన పెంకుటిల్లు: మరమ్మతుకు చట్టం అడ్డా?

ప్రశ్న: మాది ఖిలా వరంగల్. రాతికోట గోడకు సుమారు అరవై గజాల దూరంలో మా తాతగారు కట్టిన పెంకుటిల్లు ఉంది. దూలాలు పుచ్చిపోయాయి. కప్పు తీసి స్లాబు వేసి, పైన ఒక గది కట్టుకుందామంటే కోట దగ్గర ఇటుక కూడా కదపకూడదని చెబుతున్నారు. ఈ ఇల్లు ఇక మాది కానట్టేనా? కోటను కాపాడటం వల్ల మా వాడకు ఒరిగిందేమిటి?

జవాబు: ఇల్లు మీదే. ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం, 1958 మీ ఇంటి వాడకానికి హద్దులు పెడుతుందే తప్ప, కోట చుట్టూ ఉన్న స్థలాల యాజమాన్యాన్ని ప్రభుత్వానికి బదలాయించదు. కాబట్టి మీరు ఆ ఇంటిని అమ్మవచ్చు, పంచుకోవచ్చు, పిల్లలకు రాసివ్వవచ్చు.

2010 సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ దూరాన్ని కంటికి కనిపించే గోడ నుంచి కాక, కేంద్ర పురావస్తు శాఖ పటంలోని రక్షిత హద్దు నుంచి కొలుస్తారు కనుక, ముందుగా ఆ పటంలో మీ ఇల్లు ఎక్కడ పడుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. రక్షిత ప్రాంతం లోపలే పడితే, అక్కడ కట్టడాలను పరిమితం చేసే సెక్షన్ 19 వర్తిస్తుంది, అప్పుడు నా సలహా మారుతుంది. హద్దుకు వెలుపల, 100 మీటర్ల లోపు ఉందనుకుని మిగతాది చెబుతున్నాను.

నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికి అనుమతి రాదు. ఉన్న ఇంటిని నిలువుగా గానీ అడ్డంగా గానీ పెంచడం కూడా చట్టం దృష్టిలో నిర్మాణమే కాబట్టి పైగది ఆలోచన మానుకోక తప్పదు. ఇల్లు పునాదుల దాకా పడగొట్టి మళ్లీ కట్టడానికీ అక్కడ వీలు లేదు. అయితే 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మరమ్మతు, పునరుద్ధరణ చేసుకునేందుకు సెక్షన్ 20సి కింద దరఖాస్తు చేసుకునే అవకాశం ఉంది. పుచ్చిన దూలాలు, వాసాలు, పెంకులు మార్చడం నిస్సందేహంగా మరమ్మతే. గోడలు, ఎత్తు యథాతథంగా ఉంచి స్లాబు వేయడం కూడా దాని పరిధిలోకి వస్తుందని వాదించవచ్చు గానీ, అనుమతి చేతికి రాకుండా పని మొదలుపెట్టవద్దు. ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇల్లు 1992కు ముందుదని చూపడానికి పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, దస్తావేజులు జతచేయండి. ఈ దరఖాస్తులు తీసుకునేందుకు నియమితుడైన సమర్థాధికారి మీ దరఖాస్తును 15 రోజుల్లో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. నిరాకరించదలిస్తే మీ వాదన వినే అవకాశమిచ్చి, దరఖాస్తు అందిన మూడు నెలల లోపు ఆ సంగతిని రాతపూర్వకంగా తెలియజేయాలి. కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పిన ‘కుదరదు’కు చట్టంలో విలువ లేదు.

ఇక వాడకు ఒరిగిందేమిటన్న మీ ప్రశ్న న్యాయమైనదే. మురుగు కాలువలు, ప్రజా మరుగుదొడ్లు, నీటి సరఫరా, కరెంటు ఏర్పాట్లను ‘నిర్మాణం’ నిర్వచనం నుంచి చట్టమే మినహాయించింది. ఈ సంగతి తెలియకనే చాలా వాడలు కోట పేరు చెప్పి వెనక్కి పంపితే ఊరుకుంటున్నాయి, అది నాకు బాధ కలిగించే విషయం. వాడవాసులంతా సంతకాలు చేసి ఈ నిర్వచనాన్ని ఉటంకిస్తూ మున్సిపల్ కార్పొరేషన్‌కు అర్జీ పెట్టుకోండి. వారసత్వ నగరాల అభివృద్ధికి 2015లో కేంద్రం ప్రారంభించిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో అమరావతితో పాటు వరంగల్ కూడా ఉందంటే, ఇక్కడి ప్రాచీన కట్టడాలే కారణం. ఆ పథకం ముగిసిపోయినా, కట్టడాల చుట్టూ పారిశుద్ధ్యం, దారులు, దీపాలు వాటి సంరక్షణలో భాగమేనని అది ఒప్పుకుంది.

మీకు పైగదిని కాదన్న నిబంధనే మీ పక్క స్థలంలో బహుళ అంతస్తుల భవనం లేవకుండా ఆపుతోంది. ప్రజావసరం పేరిట ప్రభుత్వం తలపెట్టే కొత్త నిర్మాణానికి సైతం ఆ 100 మీటర్లలో మినహాయింపు లేదు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేసిన రాతికోటను, రాష్ట్ర చిహ్నానికెక్కిన తోరణాన్ని చూడటానికి జనం వస్తున్నంతకాలం మీ వాడలోని టీకొట్లకు, ఆటోలకు పని ఉంటుంది. రక్షిత కట్టడంలోకి నిబంధనలకు లోబడి ప్రవేశించే హక్కును సెక్షన్ 18 ప్రజలందరికీ ఇచ్చింది.

ప్రతి రక్షిత కట్టడానికీ విడిగా వారసత్వ ఉపనిబంధనలు తయారుచేయాలని సెక్షన్ 20ఈ చెబుతోంది. వాటి ముసాయిదాపై ప్రజల అభ్యంతరాలు, సూచనలు కోరతారు. నియంత్రిత ప్రాంతంలో ఇళ్ల ఎత్తు, ముఖభాగం వంటివి అక్కడే తేలతాయి కాబట్టి, మీ కోట ముసాయిదా ఏ దశలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడిగి, గడువు ఉంటే వాడ తరఫున మీ మాట దాఖలు చేయండి. మరమ్మతు దరఖాస్తును మాత్రం దీనికోసం ఆపకుండా, వానాకాలానికి కనీసం నాలుగు నెలల ముందే అందజేసి, తేదీ వేసిన రసీదు తీసుకోండి.