పాత అమెరికన్ ట్రక్కులు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఫొటోలో ఉన్న షెవ్రొలే పికప్‌కి ముందద్దం రెండు ముక్కలు, గ్రిల్‌లో ఐదు అడ్డకమ్మీలు. తలుపుకి గాలి కోసం తిప్పుకునే చిన్న అద్దం ఉంది, హ్యాండిల్ కిందికి తిప్పేది. అమ్మేవాళ్లు 1948 మోడల్ అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: ఆ తలుపుతో 1948 పొసగదు. ఐదు కమ్మీలు, రెండు ముక్కల అద్దం 1947 నుంచి 1953 దాకా ఉన్నాయి. అంటే ముందువైపు చూసి ఏడాది చెప్పలేం. తలుపు చూడాలి. చిన్న అద్దం 1951లో వచ్చింది, పుష్ బటన్ హ్యాండిల్ 1952లో. అద్దం ఉండి బటన్ లేదంటే 1951.

చిక్కేమిటంటే, ఈ తలుపులు ఒక ఏడాదివి ఇంకో ఏడాది బండికి పడతాయి. మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. అందుకని పెట్రోల్ మూత ఎక్కడుందో చూడండి. 1948 దాకా ట్యాంకు కింద ఛాసిస్‌కి ఉండేది, మూత వెనక తొట్టి పక్కన. 1949లో ట్యాంకు సీటు వెనక్కి, క్యాబిన్‌లోకి వచ్చింది. మూత కుడి తలుపు వెనక క్యాబిన్ రేకు మీదే ఉంటుంది. ఆ రేకు మార్చడం తలుపు మార్చినంత తేలిక కాదు.

డ్రైవర్ తలుపు తెరిస్తే పిల్లర్ మీద ప్లేటు ఉంటుంది. నంబరు 5జేపీఈ అని మొదలైతే: 5 కాన్సస్ సిటీ ఫ్యాక్టరీ, జే 1951, పీ అర టన్ను (మోసే బరువును బట్టి పెట్టిన తరగతి), ఈ మే నెల. కాగితాల్లో వేరే నంబరుందని కంగారు పడొద్దు. అప్పట్లో చాలా రాష్ట్రాలు ఇంజిన్ నంబరు మీదే కాగితాలిచ్చాయి. ఇంజిన్ మారిస్తే లెక్క తప్పుతుంది. బ్లాకు మీద నంబరూ చూసుకోండి.

వెనక మూలల్లో వంపు అద్దాలకీ ఏడాదికీ సంబంధం లేదు. అవి డీలక్స్ క్యాబిన్‌వి, అదనపు డబ్బు కడితే వచ్చేవి.

ప్రశ్న: ఫోర్డ్ ఎఫ్-1, ఎఫ్-100 రెండూ ఒకటేనా?

జవాబు: రెండూ అర టన్నువే. 1952 దాకా ఎఫ్-1, 1953 నుంచి ఎఫ్-100. పేరుతో పాటు బాడీ కూడా మారింది. ఎఫ్-1లో 1951, 52 బళ్లని ఇట్టే పట్టేయొచ్చు: గ్రిల్‌లో ఒక లావు కమ్మీ, దాన్ని మోస్తూ మూడు పళ్లు. ఎఫ్-100లో ముందద్దం పక్కలకి చుట్టుకుని, పిల్లర్ నిటారుగా ఉంటే 1956. 1957లో మళ్లీ బాడీ మారింది.

1948–50 ఎఫ్-1కీ ఐదు అడ్డకమ్మీలే, షెవ్రొలే అని పొరబడేది ఇక్కడే. హెడ్‌లైట్లు గ్రిల్ గూట్లోనే ఉంటే ఫోర్డ్, మడ్‌గార్డుల్లో ఉంటే షెవ్రొలే.