తాతగారి రైఫిల్ ఖరీదు సరే, లైసెన్స్ బుక్కు ఏది?

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేట. పాత ఇల్లు పడగొట్టిస్తుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన రైఫిల్, ఐదు తూటాలు దొరికాయి. మా తాతగారు మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీరింగ్ దళంలో ఉండి 1944లో ఇటలీలో కస్సీనో యుద్ధానికి వెళ్లారు. జర్మన్ సైనికుడి చేతిలోంచి లాక్కొని తెచ్చానని మాకు కథలుగా చెప్పేవారు. 2004లో పోయారు. ఆ రైఫిల్ పట్టుకుంటే ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. దాని మీద ‘బి వై ఎఫ్ 43’ అని, పక్కనే ఎక్స్ గుర్తు ఉన్నాయి. గద్ద బొమ్మ కింద స్వస్తిక కొట్టేసి ఉంది, బోల్ట్ మీద పాత నంబరు చెరిపి కొత్తది గీకారు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెడితే హైదరాబాద్ ఆయన ఒకరు రెండు లక్షలు ఇస్తానన్నారు. దీని అసలు విలువ ఎంత? పాత వస్తువు కాబట్టి లైసెన్స్ అక్కర్లేదని, ఇన్నేళ్లయింది కాబట్టి కేసు కాలపరిమితి దాటిందని అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఇంత పెద్ద ఉత్తరంలో తాతగారికి లైసెన్స్ ఉండేదో లేదో ఒక్క ముక్క రాయలేదు. మీ వ్యవహారం తేలేది ఆ ఒక్క ముక్క మీదే.

ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 3 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. లైసెన్స్ మనిషికి ఇచ్చేది, ఆ మనిషితోనే పోతుంది. తాతగారికి ఉన్నా దాని పేరు చెప్పి మీరు తుపాకి ఉంచుకోలేరు, వారసుడిగా కొత్తది అడగడానికి మాత్రమే అది పనికొస్తుంది. శిక్ష 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు.

తెలియకుండా ఇంట్లో పడి ఉన్న ఆయుధానికి మిమ్మల్ని పట్టుకోలేరు. తెలిసి ఉంచుకోవడమే నేరమని సుప్రీంకోర్టు గున్వంత్‌లాల్ కేసులో 1972లోనే చెప్పింది. అయితే ఆ రక్షణ మీరు గోనెపట్టా విప్పిన రోజుతో అయిపోయింది. ఆ రోజు ఏదో తేల్చడానికి పోలీసులు కష్టపడక్కర్లేదు, మీ వాట్సాప్ ఫొటో మీద తేదీ ఉంది. ముక్కూ మొహం తెలియని వాళ్లున్న గ్రూపులో తుపాకి ఫొటోలు పెట్టి రేటు అడగడమేమిటండీ!

కాలపరిమితి మాట మర్చిపోండి. మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలకే ఆ గడువు వర్తిస్తుంది. ఇక్కడ గరిష్ఠం ఐదేళ్లు కాబట్టి గడువే లేదు. పైగా ఇది తుపాకి ఇంట్లో ఉన్నన్నాళ్లూ కొనసాగే నేరం. 2004 నుంచి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

పాత వస్తువన్న వాదన వినడానికి బాగుంటుంది. సెక్షన్ 45లో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది రిపేరు చేసినా చేయకపోయినా పేల్చడానికి వీలుకాని ఆయుధానికి మాత్రమే. గోనెపట్టాలో భద్రంగా ఉన్న బోల్ట్ రైఫిల్‌ని తుప్పు వదిలించి నూనె వేస్తే పేలదని ఏ నిపుణుడు సర్టిఫికెట్ ఇస్తాడు?

ఇక మీరు విలువ కోసం అడిగిన గుర్తుల సంగతి. ‘బి వై ఎఫ్’ అంటే జర్మనీలో ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ తుపాకుల ఫ్యాక్టరీ, 43 అంటే తయారైన సంవత్సరం. ఎక్స్ గుర్తు, కొట్టేసిన స్వస్తిక, గీకిన బోల్ట్ నంబరు మూడూ కలిస్తే, తూర్పు రంగంలో సోవియట్ సైన్యం పట్టుకుని, యుద్ధం తర్వాత తన డిపోలో విప్పి, భాగాలు కలగాపులగంగా బిగించిన రైఫిల్ అని సేకరణదారులు చెబుతారు. కర్రకు ఎర్రగా మెరిసే లక్క పూత, నల్లబడిన బోల్ట్ కూడా ఉంటే అనుమానమే అక్కర్లేదు. విదేశీ సేకరణదారులు అన్ని భాగాల మీదా ఒకే నంబరు ఉన్న రైఫిల్‌కే ఎక్కువ ఇస్తారు, ఇలాంటిదానికి తక్కువే. అదలా ఉంచండి. కస్సీనోలో లాక్కున్న రైఫిల్ మీద రష్యన్ డిపో గుర్తులు ఎలా వచ్చాయి? తాతగారి కథను పోలీసులకిచ్చే అఫిడవిట్‌లో రాశారో, ప్రభుత్వ నిపుణుడు మొదటి రోజే దాన్ని చింపేస్తాడు. దొరికిన చోటు, దొరికిన తేదీ, చూసిన మేస్త్రీ పేరు రాయండి. అంతకు మించి వద్దు.

ఆ గుర్తుల్లోనే ఇంకో ప్రమాదం ఉంది. సెక్షన్ 8 ప్రకారం తుపాకి మీద గుర్తింపు నంబరు చెరిపి ఉంటే, అది ఎవరి దగ్గర దొరికిందో వాళ్లే చెరిపారని కోర్టు భావిస్తుంది. కాదని మీరే రుజువు చేసుకోవాలి. అందుకే ఇందాక తిట్టిన ఆ ఫొటోలే ఇప్పుడు మీకు అండ. దొరికిన రోజుకే నంబరు అలా ఉందని అవి చెబుతాయి. ఒక్కటీ డిలీట్ చేయకండి. రైఫిల్‌కి గరుకు కాగితం, పాలిష్ తగలనివ్వకండి.

హైదరాబాద్ ఆయన ఫోన్ మళ్లీ ఎత్తకండి. లైసెన్స్ లేకుండా తుపాకి అమ్మితే కనీసం ఏడేళ్లు, పైన యావజ్జీవం దాకా ఉంది. గొట్టం కోయించి గోడకు తగిలించుకుందామన్నా అది ఇంకో నేరం. నల్లమడ వాగులో పారేస్తే సాక్ష్యం మాయం చేశారంటారు.

ఈ వారంలోనే చేయాల్సింది చెబుతాను. సెక్షన్ 21 ప్రకారం, ఏ కారణంతోనైనా మీ దగ్గర ఉండకూడని ఆయుధాన్ని అనవసరపు ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఆటోలో వేసుకుని వెళ్లకండి. దారిలో తనిఖీ చేస్తే, అప్పగించడానికే వెళ్తున్నానంటే ఎవరూ నమ్మరు. లాయర్ చేత ఎస్‌హెచ్‌ఓకి, అంటే స్టేషన్ అధికారికి ఉత్తరం ఇప్పించి, కలెక్టరుకు కాపీ పంపి, పోలీసులనే ఇంటికి పిలవండి. పంచనామాలోనూ రసీదులోనూ ప్రతి గుర్తూ, ఐదు తూటాలూ రాయించండి. కేసు పెట్టినా సెక్షన్ 3 నేరంపై ప్రాసిక్యూషన్‌కి ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. మీ ఉత్తరం ఆ ఫైలులో ఉంటే మీ నిజాయితీకి అదే సాక్ష్యం. విజయవాడలా పోలీస్ కమిషనరేట్ ఉన్న చోట అయితే ఆ అధికారం పోలీస్ కమిషనర్‌ది. టెన్షన్‌గా ఉంటే ముందస్తు బెయిల్ పిటిషన్ సిద్ధంగా ఉంచుకోండి.

అదే రోజు కలెక్టరేట్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తాతగారి పేరున పాత లైసెన్స్ నమోదై ఉందేమో అడగండి. ఉంటే 2016 ఆయుధాల నియమాల కింద వారసుడిగా లైసెన్స్ అడగొచ్చు, లేదా లైసెన్స్ ఉన్నవాళ్లకు చట్టబద్ధంగా అమ్ముకోవచ్చు. అయితే గొట్టం 7.62 మిల్లీమీటర్లకు మార్చి ఉంటే అది నిషేధిత బోర్, అంటే మామూలు లైసెన్స్ మీద ఇవ్వని గొట్టం కొలత, కేంద్ర హోం శాఖ దాకా వెళ్లాలి. మీ దాని గుర్తులు మాత్రం 7.92నే చూపిస్తున్నాయి. డిపాజిట్ రసీదు మీద గడువు ఎప్పటి వరకో స్టేషన్‌లోనే అడిగి రాయించుకోండి. ఆ లోపల లైసెన్సూ రాక, అమ్మకమూ జరగకపోతే రైఫిల్ ప్రభుత్వానికి జప్తు అవుతుంది.