మొవ్వు జోలికి వెళ్లకు

చిన్నీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. లెట్యూస్ మొక్కలు బాగానే లేచాయి కానీ నడుమంతా బోడిగా ఉందేమిటే? లేతగా ఉన్నాయని మధ్య ఆకులే గిల్లుతున్నావు కదూ. మొదటిసారి పెంచినప్పుడు నేనూ అదే పని చేశాను, అందుకే చూడగానే పోల్చుకున్నాను.

ఆకు లెట్యూస్‌లో కొత్త ఆకు పుట్టేది మొవ్వులోంచే. మొక్కని పైనుంచి చూస్తే, నట్టనడుమ గోరంత ఆకులు ఒకదాన్నొకటి కప్పుకుని ముడుచుకుని ఉంటాయి, అదే మొవ్వు. అది పోతే మొక్క వెంటనే చావకపోవచ్చు. పక్కనుంచి పిలకలు వేస్తుంది, కానీ ఆ పిలకల ఆకులు అంత పెద్దవి కావు.

కోత ఎప్పుడూ బయటినుంచి లోపలికి. బయటి ఆకులు 10 నుంచి 12 సెంటీమీటర్లు పెరిగాక మొదలుపెట్టు. ముందు అన్నిటికన్నా కింద ఉన్న వరస. ఒక్కో మొక్కకి మూడో వంతు దాటి తీయకు, అంటే తొమ్మిది ఆకులుంటే మూడే. ఆకలి మీద ఉన్నప్పుడు ఈ లెక్క గుర్తుండదని నాకు తెలుసు. అందుకే ఒకే మొక్క మీద పడకుండా నాలుగు మొక్కల దగ్గర రెండేసి తీసుకో, గిన్నె నిండుతుంది, ఏ మొక్కకీ నొప్పి తెలియదు.

చేత్తో మాత్రం లాగకు. దీని వేళ్లు చాలావరకు పైపైనే ఉంటాయి. నేనొకసారి వంటకి ఆలస్యమవుతోందని ఒక ఆకు పట్టుకుని గుంజితే మొక్క మొత్తం మట్టితో సహా చేతికొచ్చింది. ఎడమ చేత్తో మొదలు పట్టుకుని, చిన్న కత్తెర లోపలికి పోనిచ్చి, కాడ కాండానికి అంటుకున్న చోటుకి దగ్గరగా కత్తిరించు. సగం కాడ వదిలేస్తే ఆ ముక్క మెత్తబడి కుళ్లి, పక్క ఆకుకి అంటిస్తుంది. కోసిన చోట తెల్లగా పాలు కారతాయి, కంగారు పడకు. లాటిన్‌లో పాలకి ఉన్న మాటనుంచే దీనికి లాక్టుకా అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఆ పాలు ఎండితే కత్తెరకి జిగురులా పట్టేస్తాయి, పని అవ్వగానే కడిగి తుడిచిపెట్టు.

పొద్దున్నే కోసుకో. రాత్రంతా నీళ్లు పట్టిన ఆకు విరిస్తే టప్పున విరుగుతుంది. మధ్యాహ్నం కోసిన ఆకు గుడ్డముక్కలా వేలాడుతుంది.

విత్తనాలు ఒత్తుగా చల్లి పెంచిన మడి అయితే వేరే పద్ధతి ఉంది. నేలకి మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో అంతా ఒకేసారి కోసేస్తారు. మొవ్వు కత్తెర కింద క్షేమంగా ఉంటే రెండు మూడు వారాల్లో మళ్లీ ఆకు అందుతుంది. నీవి విడివిడి మొక్కలు కాబట్టి నీకు అది వద్దు.

అలాగని జాలిపడి కోయకుండా కూర్చోకు. కింది ఆకులు ముదిరి పసుపుబారి నేలకి ఆనుకుంటే వాటి కింద నత్తలు చేరతాయి. తినడానికి పనికిరాకపోయినా వాటిని తీసేయాల్సిందే. కోత అయ్యాక నీళ్లు మొదట్లో పొయ్యి, మొవ్వు మీద కాదు. సాయంత్రం మొవ్వులో నీళ్లు నిలిస్తే తెల్లారేదాకా ఆరవు, కుళ్లు అక్కడే మొదలవుతుంది.

ఎండలు ముదిరి పగళ్లు పొడుగైతే నువ్వెంత బాగా కోసినా అది పూతకి వస్తుంది. నడుమ కాండం పైకి సాగుతుంది, ఆకుల మధ్య ఎడం పెరుగుతుంది, ఆకు చేదెక్కుతుంది. పైకొన గిల్లేస్తే ఆగుతుందని చెప్పేవాళ్లున్నారు. నేను గిల్లి చూశాను, చేదు చేదే. ఒక్క మొక్కని విత్తనానికి వదిలి మిగతావి పీకేసి ఆ చోటు ఖాళీ చెయ్యి.

కోసిన ఆకుని చల్లటి నీళ్లలో కడిగి, తడి బాగా ఆరాక పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. పక్కన ఆపిల్, అరటి పళ్లు ఉంచకు, వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి ఆకు మీద గోధుమరంగు మచ్చలు పడతాయి.

ఇక నీ బోడి మొక్కల సంగతి. రెండు వారాలు వాటిని ముట్టుకోకు. పిలకలు వేస్తే గట్టిగా ఉన్నదాన్ని ఒకటి ఉంచి మిగతావి కత్తిరించి తినెయ్యి. ఈలోపు ఇంకో కుండీలో కొత్త విత్తనాలు చల్లు. మట్టి పలుచగా, కప్పీ కప్పనట్టు కప్పాలి, వెలుతురు తగిలితేనే ఇవి బాగా మొలుస్తాయి. ఆ తర్వాత ఫోటో పంపు. ఈసారి పక్కనుంచి కాదు, పైనుంచి తియ్యి. మొవ్వు నాకు కనపడాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ