మందు అలవాటు లేకుండా ఫ్యాటీ లివర్ వస్తే గుండెకు ముప్పు ఉంటుందా?

స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొద్దిగా కొవ్వు చేరడం) అని వచ్చింది, మందు అలవాటు లేదు, గుండెకూ రక్తనాళాలకూ ఏమైనా ముప్పా అని అడిగారు. ముప్పే. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల మరణాలకు మొదటి కారణం లివర్ చెడిపోవడం కాదు, గుండె, రక్తనాళాల జబ్బులు.

మా బావకి తెనాలిలో ఎరువుల కొట్టు. సిగరెట్టు, మందు ముట్టడు. మనిషి సన్నమే, పొట్ట మాత్రం ముందుకుంటుంది. కిడ్నీలో రాయేమోనని స్కాన్ తీయిస్తే రాయి లేదు, గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు. "ఈ రోజుల్లో అందరికీ ఉండేదేనండీ" అన్నాడట స్కాన్ తీసినాయన. రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోయింది.

తర్వాత ఓ పెళ్లిలో భోజనాల దగ్గర బావ దవడ లాగుతోందన్నాడు. గ్యాస్ అని ఎవరో సోడా తెచ్చిచ్చారు. సగం తాగేసరికి చొక్కా మొత్తం తడిసి వీపుకి అతుక్కుపోయింది. నేనే కారులో గుంటూరు తీసుకెళ్లాను. యాంజియోగ్రామ్‌లో ఒక నాళం 90 శాతం మూసుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒకరకం కొవ్వు) 380, ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. పాత ఫైలు తిరగేస్తూ డాక్టరుగారు ఆ స్కాన్ రిపోర్టులో లివర్ గురించిన లైను కింద పెన్నుతో గీత గీశారు. "అప్పుడే లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించాల్సింది" అన్నారు.

అందరికీ ఉండేదే అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద 2025లో వచ్చిన అధ్యయనంలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు కనిపించింది. అంతమందికి ఉందంటే మరింత భయపడాలి కదా! ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు లివర్ తన దగ్గర పేరుకున్న కొవ్వును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, చెడు కొలెస్ట్రాల్ చిన్న చిన్న రేణువులై నాళాల గోడల్లోకి దూరుతుంది. రక్తం గడ్డకట్టించే పదార్థాలు కూడా లివర్ ఎక్కువగా తయారుచేస్తుంది.

ఇంకో బాధ. స్టెంట్ వేశాక మా చుట్టాలొకాయన కొలెస్ట్రాల్ మాత్ర లివర్‌ని తినేస్తుందని, దాన్ని మానేసి లివర్ క్లీన్ చేసే పొడి వాడమని బావ వెంటపడ్డాడు. ఆ కొలెస్ట్రాల్ మాత్రనే స్టాటిన్ అంటారు; మామూలు ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు దాన్ని నిశ్చింతగా వాడొచ్చు, డాక్టర్లే రాస్తారు. ఆ పొడుల్లో ఏముంటుందో అమ్మేవాడికే తెలియదు. వాటివల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు.

మీరు ముందు టేపు తీసి నడుము కొలుచుకోండి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఎక్కువే. లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బీపీ చూపించుకోండి. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ (రక్తపరీక్షలో వచ్చే లివర్ ఎంజైములు), ప్లేట్‌లెట్లు, వయసు తీసుకుని ఫిబ్-4 స్కోర్ వేయమని అడగండి, లివర్ గట్టిపడే అవకాశం ఎంతో దాంతో ఒక అంచనా వస్తుంది. బరువు ఎక్కువుంటే పదో వంతు తగ్గినా లివర్ బాగా తేరుకుంటుంది. రాత్రి అన్నం తగ్గించండి, కూల్‌డ్రింకులు పూర్తిగా మానేయండి. మీ నాన్నగారికో బాబాయిలకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, డాక్టరు అడగకపోయినా ఆ మాట చెప్పండి.