కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక పాత కంప్యూటర్ ఫ్యాన్ గోల పెడుతోంది, పాత కెర్నెల్‌కి వెళ్ళిపోవాలా?

ముందే కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మీద పడకండి. అప్‌డేట్ తర్వాత ఫ్యాన్ ఆగకుండా మోగుతోందన్నారు గానీ, ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో రాయలేదు. అసలు సంగతి అక్కడే ఉంది. వేడి ఎంతుందో చూపించే ఎల్ఎం-సెన్సార్స్ (lm-sensors) ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్‌లో sensors అని కొట్టండి. ఏ పనీ చేయకుండానే 80 డిగ్రీలు చూపిస్తే పాపం ఫ్యాన్ తన పని తాను చేస్తున్నట్టే. 40 దగ్గరుండి కూడా గోల పెడుతుంటే అప్పుడు డ్రైవర్‌నో కెర్నెల్‌నో అనుమానించాలి.

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయిది కమీషన్ కొట్టు. అక్కడి పాత సిస్టమ్‌లో విండోస్ బదులు లైనక్స్ మింట్ ఎక్కించింది నేనే. అప్‌డేట్ అయిన మర్నాడే ఫోన్. "ఏందిరా, నువ్వు ఎక్కించింది పిండిమరలా మోగుతోంది. రైతు చెప్పే మాట వినపడట్లా!"

వెళ్ళి, స్టార్ట్ అయ్యేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని, దేనితో స్టార్ట్ అవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నెల్‌తో బూట్ చేశా. అదే మోత. ఇక లాభం లేదని పక్క మూత ఊడదీశా. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము ఎర్రగా గడ్డకట్టి ఉంది. రోజూ టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పి కాయ చూపిస్తుంటే లేచే పొడి అది. బ్లోయర్ పెట్టగానే బాబాయి, గుమాస్తా, కాయ తెచ్చిన రైతులు, అందరికీ ఒకటే తుమ్ములు. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ అయితే ఎండిపోయి గోటితో గీకితే రాలింది. కొత్తది పూసి బిగించాక గానీ మోత తగ్గలేదు.

మరి అప్‌డేట్ రోజే ఎందుకు మొదలైందంటారా? ఎప్పట్నుంచో మోగుతూనే ఉంటుంది, అప్‌డేట్ వంకతో చెవిన పడింది. జనం కెర్నెల్‌ని తిట్టుకునే కేసుల్లో ముప్పాతిక ఇలాంటివేనని నా గట్టి నమ్మకం. నాకన్నా ముందు చూసిన సర్వీసు కుర్రాడు మూతయినా తీయకుండా "విండోస్ వేయించుకోండి, లేదా కొత్తది కొనండి" అన్నాడట. ఆ సలహాకి డబ్బులు కూడా తీసుకున్నాడు! నెట్‌లో ఇంకొందరు ఏసీపీఐ (కంప్యూటర్ పవర్ వ్యవహారాలు చూసే ఏర్పాటు) ఆఫ్ చేయమంటారు. దయచేసి చేయకండి, చాలా సిస్టమ్‌లలో వేడిని కనిపెట్టి చూసుకునే ఏర్పాటు దాని మీదే నడుస్తుంది.

నిజంగా కెర్నెల్ వల్లే వచ్చేది ఒకటుంది: పాత ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు. వాటిని నడిపే 340 సిరీస్ డ్రైవర్‌కి కంపెనీ సపోర్ట్ 2019తోనే అయిపోయింది. కెర్నెల్ కొత్తదయ్యేసరికి ఆ డ్రైవర్ దానికి తగ్గట్టు తయారవక (కంపైల్ కాక) ఆగిపోతుంది, కొన్ని కార్డుల్లో ఫ్యాన్ అదుపు లేకుండా పూర్తి స్పీడులో తిరుగుతుంది. కాబట్టి మూత తీసి, మోత ప్రాసెసర్ మీది నుంచి వస్తోందో కార్డు నుంచి వస్తోందో చెవి పెట్టి వినండి. కార్డు నుంచైతే, మదర్‌బోర్డుకే డిస్‌ప్లే పోర్టు ఉంటే కార్డు పీకేసి మానిటర్‌ని ఆ పోర్టుకి తగిలించుకోండి. వీడియో గేములు ఆడరు కదా, టైపింగుకీ యూట్యూబుకీ అది చాలు.